బురుజు మీది గురువుగారు

నాకు ఆటలు రావు. ఈ ముక్క మొదటే చెప్పుకోవడం మంచిది. చిన్ననాడు చెడుగుడు బరిలో దిగిన రెండుసార్లూ మోకాళ్లు చెక్కుకుపోయి, మా అమ్మగారి చేత పసుపు పూయించుకొని, ఆ మీదట అమరకోశంతోనే కాలక్షేపం చేసినవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సందు దొరికితే చాలు, డ్రిల్లు పీరియడును సంధుల కోసమూ సమాసాల కోసమూ కబళించిన పాపం కూడా నాదే. అటువంటివాడు అమెరికావారి ఫుట్‌బాల్ మీద వ్యాసం వ్రాయబూనుకున్నాడంటే పాత మిత్రులు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. చివరిదాకా చదివితే మాత్రం సంతోషిస్తాను.

మా అబ్బాయి అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్ పట్టణంలో ఉద్యోగం చేసిన కాలంలో నేనూ మా ఆవిడా ఒక శరదృతువంతా అక్కడ గడిపాము. అది రాకెట్లు తయారుచేసే ఊరు; మన తెలుగు ఇంజనీర్లకూ కొదువ లేదు. శనివారం మధ్యాహ్నమయ్యేసరికి వీధులు నిర్మానుష్యమయ్యేవి. మా పక్కింట్లో ఒక వృద్ధుడు ఉండేవాడు. నన్ను చూసి జాలిపడ్డాడో, తన ముచ్చట్లు వినడానికి ఒక కొత్త చెవి దొరికిందనుకున్నాడో కాని, ప్రతి శనివారమూ పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టేవాడు. ఆయన ఇంటి ముందుగదిలో, మన ఇళ్లలో వేంకటేశ్వరస్వామి పటం ఉండే ఎత్తున, గళ్ల టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన ఛాయాచిత్రం ఉండేది. ఆ పటం సంగతి అడిగాను. దాని సమాధానం వినడానికి నాకు నాలుగు శనివారాలు పట్టింది. దాని మీద గ్రంథాలయం నుండి అబ్బాయి చేత పుస్తకాలు తెప్పించుకొని చదవడానికి మిగిలిన కాలమంతా పట్టింది.

ఆటను గురించి రెండు మాటలు. పేరు ఫుట్‌బాలే గాని కాలితో తన్నేది తక్కువ, చేత పట్టి పరుగెత్తడమూ విసరడమూ ఎక్కువ. జట్టుకు పదకొండుగురు. నాలుగు ప్రయత్నాలలో బంతిని పది గజాలు ముందుకు తీసుకుపోవాలి. లేకపోతే బంతి ఎదుటివారి పాలు. ప్రతి ప్రయత్నమూ ముందే పన్నుకున్న వ్యూహం. ఆ వ్యూహానికి మధ్యమణి క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడు. బంతి ముందుగా అతని చేతికే వస్తుంది. దానిని ఎవరికివ్వాలి, ఎటు విసరాలి, తానే పట్టుకొని పరుగెత్తాలా అన్నది రెండు మూడు క్షణాలలో తేల్చుకోవాలి. ఈలోగా అతణ్ణి నేలకూల్చడానికి ఎదుటి పక్షంలోని భీమకాయులు పరుగున వస్తూనే ఉంటారు. మన నాటకంలో సూత్రధారుడనుకోండి. అయితే మన సూత్రధారుణ్ణి నట్టనడుమ వచ్చి ఎవరూ క్రింద పడదోయరు, అంతే తేడా.

వ్యూహం కోచ్‌ది, ఆచరణ క్వార్టర్‌బ్యాక్‌ది. కళాశాల జట్లలో ఆ కుర్రవాడికి పందొమ్మిదో ఇరవయ్యో ఏళ్లుంటాయి, కోచ్‌కు యాభై. చెప్పినది చెప్పినట్లు చేయాలి. ఎదుటివారి ఎత్తు మారితే మాత్రం చెప్పినదానిని అక్కడికక్కడే త్రోసిరాజనే గుండె కూడా ఉండాలి. విధేయతా కావాలి, ధిక్కారమూ కావాలి, రెండూ ఒకే దేహంలో! మైదానంలో ధిక్కరించమని నేర్పినవాణ్ణి మైదానం బయట తలవంచుకొని ఉండమంటే ఎలా ఉంటాడు? ఈ ఆట చరిత్రలో కోచ్‌లకూ క్వార్టర్‌బ్యాక్‌లకూ జరిగిన కలహాలన్నిటికీ మూలం ఇక్కడే ఉందని నా అనుమానం.

పటంలోని ముసలాయన పేరు పాల్ బ్రయంట్. లోకం పిలిచిన పేరు 'బేర్', అనగా ఎలుగుబంటి. 1913లో ఆర్కెన్సా రాష్ట్రంలో ఒక పేద రైతు కుటుంబంలో పుట్టాడు. కుర్రతనంలో ఊళ్లోకి వచ్చిన ప్రదర్శనవారి ఎలుగుబంటితో కుస్తీకి దిగాడట, అందుకా పేరు. అలబామా విశ్వవిద్యాలయం జట్టులో ఆడి, పిమ్మట నాలుగు విశ్వవిద్యాలయాలలో కోచ్‌గా పనిచేశాడు. 1958 నుండి 1982 దాకా అలబామాలోనే ఉండి ఆరు జాతీయ విజేత పదవులు తెచ్చిపెట్టాడు. మొత్తం గెలిచిన ఆటలు 323. ఆయన విరమించేనాటికి ఆ స్థాయి ఆటలో అంతకు మించి గెలిచినవారు లేరు. చివరి ఆట ముగిసిన నెల తిరక్కుండానే, 1983 జనవరి 26న, గుండె ఆగి మరణించాడు.

క్రమశిక్షణ విషయంలో ఆయన దుర్వాసుడు. 1945లో మేరీలాండ్‌లో మొదటిసారి ప్రధాన కోచ్ అయినప్పుడు, నియమం తప్పిన ఒక ఆటగాణ్ణి తొలగిస్తే, విశ్వవిద్యాలయాధ్యక్షుడు తనకు చెప్పకుండా ఆ కుర్రవాణ్ణి తిరిగి చేర్చుకున్నాడు. బ్రయంట్ ఒక్క ఏడాదికే ఆ ఉద్యోగం వదులుకొని పోయాడు. 1954లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ జట్టును జంక్షన్ అనే కరవు ప్రాంతానికి తీసుకుపోయి, మండుటెండలో, మంచినీళ్లు కూడా సరిగా త్రాగనివ్వకుండా పది రోజులు సాధన చేయించాడు. సుమారు నూరుగురు వెళితే మూడవ వంతు మంది మిగిలారు. తక్కినవారు రాత్రివేళ మూటాముల్లే సర్దుకొని పారిపోయారు. ఆ సంవత్సరం ఆ జట్టు పది ఆటలాడి ఒక్కటే గెలిచింది. రెండేళ్ల తరువాత వారి ప్రాంతీయ పోటీలో అగ్రస్థానంలో నిలిచింది. ఈ కథను పక్కింటాయన కళ్లు చెమర్చి చెప్పాడు. నాకు మాత్రం కడుపులో దేవినట్లయింది. దాహంతో ఉన్న పిల్లవాడికి నీళ్లివ్వకపోవడం క్రమశిక్షణ అని నేను ఏనాడూ ఒప్పుకోలేను. బెత్తం వాడినవాణ్ణే నేనూ, ఆ సంగతి దాచను. కాని నీళ్ల కుండ దగ్గరకు పోయే పిల్లవాణ్ణి ఆపలేదు.

అటువంటి గురువు దగ్గరకు 1961లో ఒక శిష్యుడు వచ్చాడు. పేరు జో నేమత్. పెన్సిల్వేనియా రాష్ట్రంలో బీవర్ ఫాల్స్ అనే ఉక్కు కర్మాగారాల ఊరివాడు. తండ్రి ఉక్కు మిల్లు కార్మికుడు, వంశమూలం హంగరీ. తల్లిదండ్రులు విడిపోయిన ఇల్లు. మేరీలాండ్‌లో చదవాలనుకున్నాడు గాని ప్రవేశ పరీక్షలో మార్కులు చాలలేదు. ఆ అవకాశాన్ని పట్టుకొని బ్రయంట్ తన సహాయకుణ్ణి పంపి అలబామాకు రప్పించుకున్నాడు. ఉత్తరాది కుర్రవాడు, నల్లజాతి స్నేహితులతో కలిసి ఆడి పెరిగినవాడు. వచ్చిపడినదేమో జాతివివక్షకు కంచుకోటగా పేరుపడ్డ దక్షిణాదికి.

బ్రయంట్ సాధన చేయించేటప్పుడు మైదానంలో ఉండేవాడు కాదు. పక్కనే ఎత్తైన ఒక బురుజు కట్టించుకొని, దాని మీద నిలబడి అందరినీ కనిపెట్టేవాడు. దాని మీదికి ఆటగాళ్లకు ప్రవేశం లేదు. కొత్తగా వచ్చిన నేమత్‌ను మాత్రం పైకి పిలిచాడు. జట్టు జట్టంతా నోళ్లు వెళ్లబెట్టి చూసిందట. ఆ ముసలాయన దక్షిణాది యాసలో ఏమి చెప్పాడో తనకు ఒక్క ముక్క తప్ప అర్థం కాలేదని నేమత్ తరువాతి కాలంలో నవ్వుతూ చెప్పుకునేవాడు. (రాయలసీమ నుండి బదిలీ మీద వచ్చిన ప్రధానోపాధ్యాయుడి మాట మా కోనసీమ పిల్లలకు మొదటి నెలంతా ఇలాగే ఉండేది.)

ఆ కాలపు నియమం ప్రకారం మొదటి ఏడు విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడరాదు. 1962లో నేమత్ బరిలో దిగాడు. మొదటి ఆటలోనే జార్జియా మీద 35-0. ఆ ఏడాది అలబామా పదకొండు ఆటలాడి ఒక్కటి మాత్రమే, అదీ ఒక్క పాయింటు తేడాతో, ఓడింది. 1963 జనవరి 1న ఆరెంజ్ బౌల్‌లో ఓక్లహోమాను 17-0తో ఓడించినప్పుడు చూడవచ్చినవారిలో అధ్యక్షుడు కెన్నెడీ ఉన్నాడు. అంతకు ముందు ఇదే స్థానంలో ఆడిన పాట్ ట్రామెల్ అంటే బ్రయంట్‌కు పంచప్రాణాలు. 1961లో జాతీయ విజేతగా నిలబెట్టి, ఆట వదిలి, వైద్యుడైనవాడు. కాని చేతివాటంలో నేమత్‌కు సాటి రాగలవాణ్ణి తానెన్నడూ చూడలేదని బ్రయంట్ బాహాటంగానే అనేవాడు.

ఇక 1963. చరిత్ర పుస్తకాలలో ఆ ఏడాది అలబామా పేరు వేరే కారణానికి మ్రోగింది. జూన్ 11న ఆ రాష్ట్ర గవర్నరు జార్జ్ వాలస్ ఇదే విశ్వవిద్యాలయం గుమ్మంలో నిలబడి ఇద్దరు నల్లజాతి విద్యార్థుల ప్రవేశాన్ని అడ్డగించబోయాడు. బ్రయంట్‌కు కూడా అది గడ్డుకాలమే. జార్జియా మీద గెలిచిన ఆ 35-0 ఆట ముందే కుదుర్చుకున్నదని, జార్జియా క్రీడాధికారి వాలీ బట్స్ తమ జట్టు రహస్యాలను ఫోనులో బ్రయంట్‌కు అందించాడని, ఒక పేరున్న పత్రిక ఆ మార్చిలో వ్రాసింది. ఆగస్టులో అట్లాంటాలో బట్స్ వేసిన పరువునష్టం దావాలో బ్రయంట్ బోనెక్కి సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. బట్స్ గెలిచాడు, తరువాత బ్రయంట్ వేసిన దావాలోనూ పత్రిక సొమ్ము చెల్లించి రాజీ పడింది. నిర్దోషి అయితే అయ్యాడు, కాని ఆ సంవత్సరమంతా ఆయన నడవడి నలుగురి నోళ్లలో నానింది. నేమత్ కథ చెప్పేవారు ఈ సంగతిని సాధారణంగా విడిగా చెబుతారు. నాకు మాత్రం రెండూ కలిపి చదవాలనిపిస్తుంది. తన నిజాయితీనే సందేహించిన ఏడాదిలో తన ముద్దుల శిష్యుడు నియమం తప్పితే ఆయన ఏమి చేయాలి?

నియమం ఏమిటంటే, ఆట కాలంలో మద్యం ముట్టరాదు. డిసెంబరులో, ఇంకా రెండు ఆటలు మిగిలి ఉండగా, నేమత్ త్రాగాడన్న కబురు బురుజు దాకా వెళ్లింది. బ్రయంట్ పిలిచి అడిగాడు. కుర్రవాడు అబద్ధమాడలేదు. బ్రయంట్ తన సహాయకులందరినీ సమావేశపరచి అభిప్రాయమడిగాడు. ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్న ప్రకారం, ఏదో చిన్న శిక్ష వేసి ఆటకు మాత్రం ఉంచుదామని దాదాపు అందరూ అన్నారు. ఒక్కడే ఎదురు చెప్పాడు. అతడు జీన్ స్టాలింగ్స్, జంక్షన్ ఎండలో పారిపోకుండా మిగిలినవారిలో ఒకడు. ఆ పని తానే చేసి ఉంటే మీరు తనను ఉంచేవారా అని అడిగాడట. ఆ ప్రశ్నకు జవాబు అక్కడున్న అందరికీ తెలుసు.

బ్రయంట్ నేమత్‌ను మిగిలిన రెండు ఆటలకూ తొలగించాడు. నిన్ను ఆడనిస్తే నేను ఈ ఉద్యోగానికి రాజీనామా ఇవ్వవలసి వస్తుందని కుర్రవాడికి చెప్పాడు. అలా చేయవద్దని కుర్రవాడే అన్నాడు. మంచి నడవడితో ఉంటే మళ్లీ చేర్చుకుంటానన్న మాట కూడా అదే సంభాషణలో ఉంది. నేమత్ కోపంతో ఇంటికి పోవచ్చు, పోలేదు. స్టీవ్ స్లోన్ అనే రెండవ ఏటి కుర్రవాడు అతని స్థానంలోకి వచ్చాడు. మయామీ మీద 17-12తో గెలిచారు. 1964 జనవరి 1న న్యూ ఓర్లియన్స్‌లో, ఆ ఊళ్లో అరుదుగా కురిసే మంచు కురిసిన వేళ, షుగర్ బౌల్‌లో మిసిసిపీ మీద 12-7. ఆ పన్నెండు పాయింట్లూ టిమ్ డేవిస్ అనే తన్నుడుగాడి నాలుగు ఫీల్డ్ గోల్స్ వల్ల వచ్చినవే. నేమత్ లేకుండానే గెలిచారన్నమాట. ఇది శిష్యుడికి ఎంత పెద్ద పాఠమో ఊహించుకోండి. గురువుకు ఎంత అదృష్టమో కూడా ఊహించుకోండి. ఆ రెండు ఆటలూ ఓడి ఉంటే ఈ కథ ఇంత ఆదర్శంగా చెప్పుకునేవారా అని పక్కింటాయనను అడిగాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు.

ఇక్కడ నా కథ ఒకటి అడ్డం వస్తుంది. చెప్పక తప్పదు.

1986లో నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో పదవ తరగతి కుర్రవాడొకడు చెడుగుడు జట్టుకు నాయకుడు. తండ్రి కూలిపని చేసుకునేవాడు. మండల పోటీల ఆఖరి ఆటలో డ్రిల్లు మాస్టారు బరిలోకి వేరొకణ్ణి పంపమని గట్టున నిలబడి అరుస్తుంటే, వీడు వినిపించుకోకుండా తానే కూతకు వెళ్లి ముగ్గురిని అంటి వచ్చాడు. గెలిచారు. మాట వినలేదన్న కంటు మాత్రం మిగిలిపోయింది. పది రోజుల తరువాత బడి వెనుక బీడీ కాలుస్తూ దొరికాడు. ఉపాధ్యాయుల సమావేశంలో ప్రధానోపాధ్యాయుడు తటపటాయించాడు. జిల్లా పోటీలు నెలరోజుల్లో ఉన్నాయి. అప్పుడు లేచి మాట్లాడినవాణ్ణి నేను. నియమం ఆటగాడికొకటి, అమాయకుడికొకటి ఉండరాదని, రెండు శ్లోకాలు కూడా జోడించి, పావుగంట ఉపన్యసించాను. వాడికి టీసీ ఇచ్చి పంపించాము. జిల్లా పోటీల్లో మా బడి మొదటి ఆటలోనే ఓడింది. గెలుపు కన్నా నియమం గొప్పదని మేము నిరూపించామని నేను చాలా ఏళ్లు గర్వపడ్డాను. స్టాలింగ్స్ మాటలు చదివినప్పుడు మొదట నాకు కలిగినది కూడా ఆ గర్వమే. నా వంటివాడే ఒకడు అక్కడ ఉన్నాడని!

తరువాతి పేజీ చదివాక పుస్తకం మూసివేశాను. బ్రయంట్ ఆ శిక్ష వేసేముందు తన ఉద్యోగాన్ని త్రాసులో పెట్టాడు. నేను ఏమి పెట్టాను? ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మామూలుగానే భోంచేశాను.

నేమత్ 1964లో తిరిగివచ్చాడు. అక్టోబరులో మోకాలు దెబ్బతిన్నా ఆ జట్టు క్రమబద్ధమైన ఆటలన్నీ గెలిచి జాతీయ విజేత అయింది (ఆ పదవిని అప్పట్లో బౌల్ ఆటలకు ముందే ప్రకటించేవారు). 1965 జనవరి 1న ఆరెంజ్ బౌల్‌లో టెక్సస్ చేతిలో 21-17తో ఓడింది. ఆఖరి ప్రయత్నంలో నేమత్ స్వయంగా బంతితో గీత మీదికి దూకాడు. చేరలేదన్నారు న్యాయనిర్ణేతలు, చేరానని అతడు ఈనాటికీ అంటాడు. బ్రయంట్ మాత్రం ఫిర్యాదు చేయలేదు. సందేహానికి తావు లేకుండా లోపలికి పోలేనివారికి గెలిచే అర్హత లేదన్నది ఆయన ధోరణి. మరునాడే న్యూయార్క్ జెట్స్‌వారు నేమత్‌తో 4,27,000 డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. ఆ రోజులకు అది కళ్లు తిరిగే సొమ్ము. ఆ మీదట పొడుగాటి జుట్టూ, ఉన్ని కోట్లూ, రాత్రి విహారాలూ. 1969 జనవరిలో, ఓడిపోతారని అందరూ తేల్చేసిన సూపర్ బౌల్‌కు మూడు రోజుల ముందు, గెలుపు ఖాయమని పదిమందిలో ప్రకటించి, బాల్టిమోర్ మీద 16-7తో గెలిచి చూపించాడు. ఆ వేసవిలోనే లీగు కమిషనరు పీట్ రోజెల్, అతనికి వాటా ఉన్న మద్యశాలకు జూదగాళ్లు వస్తున్నారని, వాటా అమ్మివేయమన్నాడు. నేమత్ కన్నీళ్లతో ఆట నుండి విరమణ ప్రకటించాడు. కొన్ని వారాలకు దిగివచ్చి వాటా అమ్మాడు. అంటే మనిషి మారలేదు. బ్రయంట్ అతని స్వభావాన్ని విరిచివేయలేదు. జీవితమంతా అతడు ఆయనను 'కోచ్ బ్రయంట్' అనే సంబోధించాడు. పేరు పెట్టి పిలిచినట్లు నేనెక్కడా చదవలేదు.

ఇదే గురువు 1967లో కెన్ స్టేబ్లర్‌నూ ఇలాగే తొలగించాడు. తరగతులు ఎగవేసి, సాధనకు రాకుండా, కారు వేసుకొని తిరిగేవాడు. సస్పెండు చేశానని బ్రయంట్ తంతి పంపాడట. వెనువెంటనే నేమత్ దగ్గర నుండి మరొక తంతి, ఆయన అన్నంత పనీ చేస్తాడు సుమా అని. స్టేబ్లర్ వేసవి తరగతులకు పోయి చదువు సరిచేసుకొని తిరిగివచ్చాడు. ఆ డిసెంబరులో బురదవానలో ఆబర్న్ మీద 47 గజాలు పరుగెత్తి 7-3తో గెలిపించాడు. అలబామాలో ఆ పరుగును ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ ఇద్దరి కథలూ విన్నాక నేను పక్కింటాయనతో, మీ గురువుగారు తిరుగుబాటుదారులకు రెండవ ద్వారం తెరిచి ఉంచాడన్నమాట అన్నాను. ఆయన తల ఊపాడు. మా అబ్బాయి మాత్రం ఆ రాత్రి ఇంటికి వచ్చాక, "నాన్నగారూ, మొదటి ద్వారమే తెరుచుకోనివాడు మన ఊళ్లోనే ఒకడున్నాడు" అన్నాడు.

అతని పేరు కాండ్రెజ్ హాలోవే. 1954లో హంట్స్‌విల్‌లోనే పుట్టాడు. తల్లి అక్కడి అంతరిక్ష కేంద్రంలో ఉద్యోగిని. ఉన్నత పాఠశాలలో అతడు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడుతుంటే ఊరు ఊరంతా చూడబోయేది. 1971లో మాంట్రియల్ బేస్‌బాల్ జట్టు అతణ్ణి దేశం మొత్తంలో నాలుగవవాడిగా ఎంచుకుంది. వయసు పదిహేడే కావడంతో తల్లి సంతకం కావాలి. ఆమె చేయలేదు, చదువుకోవాలంది. బ్రయంట్ కూడా అతణ్ణి కోరాడు, కాని నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌కు అలబామా ఇంకా సిద్ధంగా లేదని, వేరే స్థానంలో ఆడమని నిజాయితీగానే చెప్పేశాడు. హాలోవే కోపగించలేదు. ఉన్నదున్నట్లు చెప్పినందుకు గౌరవించానని తరువాత అన్నాడు. పొరుగు రాష్ట్రమైన టెన్నెసీకి పోయి, 1972లో, ఆ ఆగ్నేయ మండలంలోని విశ్వవిద్యాలయాలన్నిటిలోనూ క్వార్టర్‌బ్యాక్‌గా నిలిచిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు. మూడేళ్లు ఆడాడు. ఆ మూడేళ్లూ అలబామాయే గెలిచింది.

ద్రోణుడూ ఏకలవ్యుడూ గుర్తుకు రాక మానరు. బ్రయంట్ బొటనవ్రేలు అడగలేదు, అంతవరకు మేలే. కాని ఆలోచించండి: నేమత్ త్రాగి, స్టేబ్లర్ బడి ఎగవేసి, పొగరుబోతులని పేరు తెచ్చుకొని, శిక్ష అనుభవించి, తిరిగివచ్చి, పుణ్యకథలయ్యారు. ఆ పొగరు చూపే అవకాశం కూడా హాలోవేకు అలబామాలో దక్కలేదు. గురువును ధిక్కరించాలన్నా ముందు శిష్యుడిగా చేర్చుకోవాలి కదా. మా బడిలో ఆ కూలివాడి కొడుకు విషయం సమావేశానికి వచ్చినప్పుడు, అదే బీడీ కరణంగారి మనుమడి చేతిలో దొరికి ఉంటే నేను శ్లోకాలు చదివేవాడినా అన్నది నన్ను ఇప్పటికీ వేధించే ప్రశ్న. చదివేవాణ్ణి కాదనే అనుకుంటున్నాను.

బ్రయంట్ వంటి గురువులే అందరూ అనుకోనక్కరలేదు. యూటాలో మోర్మన్ మతస్థుల విశ్వవిద్యాలయం ఒకటుంది. బ్రిగమ్ యంగ్ దాని పేరు. మద్యం, పొగాకు, కాఫీ కూడా నిషిద్ధం. అక్కడ జిమ్ మెక్‌మాన్ అనే క్వార్టర్‌బ్యాక్ ఉండేవాడు; ఆ నియమావళికీ అతనికీ చుక్కెదురు. 1980 డిసెంబరులో హాలిడే బౌల్ ఆటలో నాలుగు నిమిషాలే మిగిలి ఉండగా వారి జట్టు 45-25తో వెనుకబడి ఉంది. జనం ఇళ్లకు లేచిపోతున్నారు. కోచ్ లవెల్ ఎడ్వర్డ్స్ ఓటమిని ఒప్పుకున్నట్లుగా బంతిని తన్నివేయడానికి మనుషులను పంపాడు. మెక్‌మాన్ మండిపడ్డాడు. అప్పుడే చేతులెత్తేస్తామా అని అరిచాడు. ఎడ్వర్డ్స్ తన ఆజ్ఞను వెనక్కి తీసుకున్నాడు. మిగిలిన ఆ నాలుగు నిమిషాలలో మూడు టచ్‌డౌన్‌లు, చివరిది కాలం ముగుస్తుండగా విసిరిన బంతికి, 46-45తో గెలిచారు! నాకు మెక్‌మాన్ మీద కన్నా ఎడ్వర్డ్స్ మీద గౌరవం కలిగింది. అంతమంది ఎదుట, టీవీ ముందు, ఇరవై ఒక్కేళ్లవాడు అరిస్తే తన మాటను మింగగలగడం సామాన్యమా? నేనయితే మింగి ఉండను. మా డ్రిల్లు మాస్టారూ మింగలేదు.

ఇప్పటి వ్యవస్థ పూర్తిగా వేరు. వెనుకటి రోజుల్లో బడి మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. ట్రాయ్ ఐక్మన్ 1986లో అలాగే కూర్చున్నాడు. పరుగుల వ్యూహం నడిపే ఓక్లహోమాలో, విసరడంలో దిట్ట అయిన తనకు చోటు లేదని గ్రహించి లాస్ ఏంజెలిస్‌కు పోయాడు. పంపడానికి కోచ్ బారీ స్విట్జరే సాయపడ్డాడు. 2018లో బదిలీ కోరేవారి పేర్ల పట్టిక ఒకటి వచ్చింది. 2021 నుండి కూర్చోవలసిన ఏడాది కూడా పోయింది, పేరూ బొమ్మా అమ్ముకొని సంపాదించే హక్కూ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో, హాలోవే ఆడిన ఆ టెన్నెసీలోనే, నీకో యామలియావా అనే క్వార్టర్‌బ్యాక్ పారితోషికం గొడవ నడుస్తుండగా ఒకరోజు సాధనకు రాలేదు. మరునాటికల్లా జట్టు అతనితో తెగతెంపులు చేసుకుంది. అతడూ లాస్ ఏంజెలిస్‌కే చేరాడు. ఇందులో తప్పెవరిదో చెప్పే సాహసం చేయను. కోట్లు గడించే కోచ్‌ల క్రింద దశాబ్దాల తరబడి ఆ పిల్లలు జీతం లేకుండా ఎముకలు విరగ్గొట్టుకున్నారు. అది న్యాయమని ఎవరనగలరు? అయితే 1963లో నేమత్‌కు ఈ పట్టిక ఉండి ఉంటే మరునాడే మరొక విశ్వవిద్యాలయంలో తేలేవాడేమో. ఇటు బ్రయంట్ కూడా, పోతే పోనీ అని ఇంకొకణ్ణి కొనుక్కునేవాడేమో. ఇద్దరికీ ఒకరినొకరు విడిచిపోవడం కష్టంగా ఉండబట్టే ఆ డిసెంబరు సంభాషణ అంతసేపు సాగింది.

నేమత్ 1965లో డిగ్రీ పూర్తి చేయకుండానే న్యూయార్క్ వెళ్లిపోయాడు. పూర్తి చేస్తానని తల్లికి మాట ఇచ్చి ఉన్నాడు. 2007 డిసెంబరులో, తన అరవై నాలుగవ ఏట, నల్ల అంగీ తొడుక్కొని, అదే అలబామాలో పట్టా పుచ్చుకున్నాడు. బ్రయంట్ పోయి అప్పటికి ఇరవై నాలుగేళ్లు. మెక్‌మాన్ కూడా 2014లో మిగిలిన చదువు ముగించాకనే అతని విశ్వవిద్యాలయం అతణ్ణి తన క్రీడా ప్రముఖులలో చేర్చుకుంది.

అమెరికా నుండి తిరిగివచ్చిన తరువాతి సంక్రాంతికి పాత ఊరికి వెళ్లాను. బస్టాండులో దిగగానే ఎవరో నా చేతిసంచి అందుకున్నారు. నెరిసిన జుట్టు, ఎడమ చెవి మీద పాత గాటు. ఆ గాటును బట్టి పోల్చుకున్నాను. షామియానాలూ కుర్చీలూ అద్దెకిచ్చే వ్యాపారం చేస్తున్నాడట. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దమ్మాయి నర్సు కోర్సు చదువుతోందని చెప్పాడు. టీ త్రాగుతూ, ఆనాటి సంగతి నేనే ఎత్తాను. తప్పు చేశామేమోనని అన్నాను.

"తప్పు నాదేనండి మాస్టారూ, బీడీ కాల్చాను గదా" అన్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, కొంచెం ఆగి, "టీసీ చేతిలో పెట్టారు గానండి, మళ్లీ ఎప్పుడు రమ్మంటారో చెప్తారేమోనని ఆ అరుగు మీద సాయంత్రం దాకా కూర్చున్నానండి" అన్నాడు.

టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.